ఐదు ఐపీసులు, ఒక లేని చంద్రుడు

ఈ వీధిలో చిన్నా పెద్దా అందరూ "పళ్ళాయన" అని పిలిచే నేను, కట్టుడుపళ్ళ సెట్లు చేసే పనిలో జీవితమంతా గడిపినవాణ్ణి, బుద్ధి స్థిరంగా ఉండి, జ్ఞాపకం చెదరక, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఎవరి దగ్గరా మొహమాటం కూడా లేకుండా రాయించుకున్న చివరి వీలునామా ఇది. ఇంతకు ముందు ఒకటి రాశాను. దాన్ని నా బావమరిది సొరుగులోంచి తీసి చదివేశాడు కాబట్టి రద్దు చేస్తున్నాను.

నా బుద్ధి సరిగ్గా ఉందని డాక్టరుగారు రాసిచ్చిన కాగితం దీనికి జతచేశాను. ఆయన కింది వరస నేను కట్టినదే. ఆయన మాట మీద అనుమానం ఉన్నవాళ్ళు ముందు ఆ వరస పట్టు చూసి తర్వాత మాట్లాడాలి.

ఇల్లు, దుకాణం గురించి మా ఇంట్లో ఎవరూ కొట్టుకోరు. కొట్టుకునేదల్లా టెలిస్కోపు గురించీ, దాని పక్కనుండే నల్ల పెట్టె గురించీ. సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. టెలిస్కోపంటే పొడుగాటి గొట్టం, దాని అడుగున ఒక అద్దం. అది వెలుగు పోగుచేసి పెడుతుంది, అంతవరకే దాని పని. మనిషి కన్ను ఆనించేది ఐపీసుకి. బొటనవేలంత ఉంటుంది, తీసి మరొకటి పెట్టుకోవచ్చు. నల్ల పెట్టెలో ఉన్నవి ఇవే. దాని మీద మిల్లీమీటర్లలో ఒక అంకె ఉంటుంది. అంకె పెద్దదైతే బొమ్మ చిన్నగా, ఆకాశం విశాలంగా కనబడుతుంది. అంకె చిన్నదైతే బొమ్మ పెద్దదవుతుంది, ఆకాశం చిక్కిపోతుంది, వెలుగు తగ్గిపోతుంది. ఈ ఒక్క సంగతి ఒంటబట్టక మా మేడమీది నక్షత్రాల సంఘంలో ఎంతమంది ఎన్ని ఐపీసులు కొని అల్మరాల్లో పడేశారో నాకు తెలుసు. వాళ్ళలో సగంమందికి నోట్లో ఉన్న పళ్ళ సంగతీ అంతే. నప్పేవి కాకుండా, నలుగురిలో మెరిసేవి కావాలన్నారు.

ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత మా వీధి చివరి వకీలమ్మకి అప్పగిస్తున్నాను. ఆమెకి ఆకాశం మీద ఏ ఆసక్తీ లేదు. అదే ఆమె అర్హత.

1. నేను కాపురముంటున్న ఇల్లు, అందులోని సామాను, నా పేర బ్యాంకులో ఉన్నదంతా నా భార్యకు సర్వహక్కులతో చెందవలసినది. వాటితోపాటు 32 మిల్లీమీటర్ల ఐపీసు కూడా.

ఈమె ఆకాశాన్ని ఒకేసారి చూసింది. చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి కదా, దీనికింత హడావుడి దేనికని అడిగి కిందికి వెళ్ళిపోయింది. నిజంగా అవి చుక్కల్లాగే ఉంటాయి, ఎంత పెద్దది చేసినా. ఆ మాట ఒప్పుకోవడానికి మా సంఘంలో చదువుకున్నవాళ్ళకి ఏళ్ళు పట్టింది. అయితే పట్టపగలు నేను దుకాణంలో ఉండగా ఈమె మేడెక్కి, గొట్టం ఎదురు భవనం వైపు తిప్పి, ఈ ఐపీసు పెట్టుకుని చూసేదని నాకు ఆలస్యంగా తెలిసింది. మా టెలిస్కోపులో అన్నీ తలకిందులుగా కనబడతాయి. అక్కడ ఆరేసిన చొక్కాలు చేతులు పైకెత్తి నిలబడేవట. అది చూసి ఒక్కతే కడుపుబ్బ నవ్వుకునేది. ఎవరు కొత్తగా వచ్చి ఏ ఐపీసు కొనాలని అడిగినా నేను ముందు ఇదే చెప్పాను. తక్కువ రెట్లు, ఎక్కువ ఆకాశం. చూసినదాంతో సంతోషపడటం తెలిసినవాళ్ళకి ఇది చాలు. టెలిస్కోపు చేయి దాటిపోయినా దీన్ని తిరగేసి పట్టుకుంటే భూతద్దంలా పనికొస్తుంది. నా మందు సీసాల మీది చీమతలకాయంత అక్షరాలు ఇన్నాళ్ళూ కళ్ళు చికిలించుకుని చదివింది ఈమే. ఇకమీదట తన సీసాలు దీనితో చదువుకోవాలి.

2. నా బావమరిదికి 4 మిల్లీమీటర్ల ఐపీసు, దాన్ని రెండింతలు చేసే బార్లో అనే గొట్టపు ముక్క.

ఏ ఐపీసు చేతిలో పెట్టినా ఈయన అడిగే మొదటి ప్రశ్న ఎన్ని రెట్లనే. రెండో ప్రశ్న లేదు. మా గొట్టం మోయగలిగినదానికి రెట్టింపు మోపించి, గాలి కదులుతుంటే బురదనీళ్ళలో దీపంలా వణికే శనిని చూసి, వలయాల మధ్య సందులు లెక్కపెట్టానని చెప్పాడు. ఆయన లెక్కపెట్టినవి తన కనురెప్ప వెంట్రుకలు. అంత సన్నటి కన్నంలోంచి చూస్తే అవే అడ్డొస్తాయి. గోరంతదాన్ని కొండంత చేసి చూపించే ఈ సరంజామా ఆయన మాటతీరుకి అతికినట్టు సరిపోతుంది. ఒక్క షరతు. నా అల్యూమినియం నిచ్చెన ఆయన దగ్గరుంది. వెల్ల వేయించుకోవడానికి తీసుకెళ్ళాడు. గోడలు మళ్ళీ మాసిపోయాయి, నిచ్చెన మాత్రం రాలేదు. అది మా గుమ్మంలోకి వచ్చేదాకా ఐపీసు వకీలమ్మ సొరుగులో ఉండవలసినది. ఆ సొరుగుకి తాళం ఉంది, బావా.

3. నా కుమారునికి దుకాణం, అందులోని పనిముట్లు, గుడ్‌విల్లు, 15 మిల్లీమీటర్ల ఐపీసు, ఖాళీ అయ్యాక నల్ల పెట్టె.

వీడు పళ్ళు కట్టడంలో నాకంటే నేర్పరి. ఆ మాట బతికుండగా అనలేదు, అంటే పని చెడగొడతాడని. ఐపీసు కొనే విషయంలో మాత్రం వీణ్ణి మించిన అర్భకుడు లేడు. ఏది మంచిదో తేల్చుకోవడానికి ఇంటర్నెట్లో కనబడిన రివ్యూలన్నీ చదువుతాడు. ఒకరు బాగుందంటారు, ఒకరు అంచుల్లో చుక్కలు సాగుతున్నాయంటారు, వీడు నిట్టూర్చి ఫోను పక్కన పెడతాడు. ఈలోగా శుక్రుడు అస్తమిస్తాడు, గురుడు అస్తమిస్తాడు, ఆ మోడలు తయారీ కూడా ఆగిపోతుంది. నాయనా, ఈ 15 మిల్లీమీటర్ల దానికి ఎక్కడా రివ్యూ లేదు. నేను వెతికించాను. కాబట్టి నువ్వే కన్ను పెట్టి చూడాలి, వేరే దారి లేదు. మధ్యరకం అంకె కాబట్టి చంద్రుడి గుంటలకీ, చుక్కల గుంపులకీ, దేనికైనా పనికొస్తుంది. పళ్ళ సెట్టు రివ్యూ చదివి ఎవరైనా కొంటారా? నోట్లో పెట్టుకుని చూస్తారు. ఇదీ అంతే.

4. నా చెల్లెలికి 20 మిల్లీమీటర్ల ఐపీసు, దాని తోలు సంచీ, మేడ మీద నేను కూర్చునే పొట్టి స్టూలు.

ఈ క్లాజు కాస్త పొడుగు. వకీలమ్మ కుదించమంది. కుదించను.

నా చెల్లెలు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పనిచేసింది. మనందరం వాక్యం సగం చదివి మిగతా సగం ఊహించేస్తాం. ఆమె ఊహించదు. కాగితం మీద లేని అక్షరాన్ని ఉన్నట్టు చదవకుండా ఉండటమే తన ఉద్యోగమని నాతో చాలాసార్లు అంది. ఆమెకి చిన్నప్పటి నుంచీ మందపాటి కళ్ళజోడు. అందులోనూ సిలిండర్ పవరు. మామూలు హ్రస్వదృష్టి ఉన్నవాళ్ళు కళ్ళజోడు తీసేసి, ఫోకసు మరలు కాస్త తిప్పుకుంటే సరిపోతుంది. సిలిండర్ పవరున్నవాళ్ళకి మర ఎంత తిప్పినా చుక్క చుక్కలా కనబడదు, గీతలా సాగుతుంది. వాళ్ళు కళ్ళజోడుతోనే చూడాలి. అలా చూడాలంటే కంటికీ ఐపీసుకీ మధ్య వేలెడు జాగా ఉన్నా బొమ్మ నిండుగా కనబడాలి. చిన్న అంకె ఐపీసుల్లో చాలావాటికి ఆ జాగా ఉండదు, కన్ను గాజుకి అతికించాలి. అందుకే ఆమె కోసం వెతికి వెతికి ఈ 20 మిల్లీమీటర్లది తెప్పించాను. ఐపీసు ఎంచుకునేటప్పుడు ముందు ఆకాశాన్ని కాదు, చూసే మనిషి కన్నుని చూడాలి. నా వృత్తి నేర్పింది కూడా ఇదే. నోరు చూడకుండా పళ్ళు కట్టకూడదు.

ఇక ఆ సాయంత్రం సంగతి. నేను జ్వరంతో మంచం మీదున్నాను. సంఘంవాళ్ళు నా టెలిస్కోపు, నల్ల పెట్టె మేడమీదికి పట్టుకెళ్ళారు, చెల్లెలూ వెంట వెళ్ళింది. పొద్దుగూకగానే పడమట శుక్రుడు ధగధగమంటూ కనబడ్డాడు. సంఘం అధ్యక్షుడు పెట్టెలోంచి 9 మిల్లీమీటర్ల ఐపీసు తీసి బిగించాడు. అది నేను మొదట్లో చవగ్గా కొన్నది. కన్ను పెట్టి చూస్తే శుక్రుడి పక్కన మసగ్గా ఇంకో చిన్న వెలుగు. శుక్రుడికి చంద్రుడు లేడని బడిపిల్లలకి కూడా తెలుసు. లేనిదాన్ని కనిపెట్టాను కాబట్టి నేను గొప్పవాణ్ణి అనుకున్నాడాయన. అందరూ వరసగా కన్ను పెట్టారు. కనబడిందన్నారు. వెనక నిలబడి ఇంకా వంతు రానివాళ్ళు కూడా కనబడిందన్నారు.

నా చెల్లెలి వంతు వచ్చింది. ఆ ఐపీసులో కళ్ళజోడుతో ఏమీ అందలేదు. తీసి చూస్తే గీత. అప్పుడు తన 20 మిల్లీమీటర్లది పెట్టుకుని, తీరిగ్గా చూసి, చూసినదే చెప్పింది. "ఒక్కటే ఉందండీ. పక్కన ఏమీ లేదు." అంతే అంది.

అధ్యక్షుడు నలుగురి ముందూ నవ్వుతూ, "కళ్ళజోడు లేకపోతే కనబడనివాళ్ళు ఆకాశం గురించి మాట్లాడకూడదమ్మా," అన్నాడు. మిగతావాళ్ళూ నవ్వారు. ఆ నవ్వుల్లో ఎక్కువ భాగం నేను కట్టినవే, అది నా ఖర్మ. నా చెల్లెలు తన ఐపీసు తీసి, మూత పెట్టి, సంచీలో వేసుకుని మెట్లు దిగింది. తర్వాతి సమావేశంలో స్పష్టమైన చూపున్నవాళ్ళే సభ్యులుగా ఉండాలని తీర్మానం చేసి ఆమె పేరు కొట్టేశారు. ఆమె మళ్ళీ ఆ మేడ ఎక్కలేదు. పోట్లాడమంటే, నాకు కనబడలేదన్నయ్యా, కనబడలేదనే చెప్పాను, ఇంకేముంది పోట్లాడటానికి అంది. నా చెల్లెలు అబద్ధం ఆడదు. ఉన్నదున్నట్టు చెప్పినందుకు ఆమెని గుడ్డిదాన్ని చేశారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

5. మా మేడమీది నక్షత్రాల సంఘం అధ్యక్షునికి పై క్లాజులో చెప్పిన 9 మిల్లీమీటర్ల ఐపీసు, అందులో కాపురముంటున్న చంద్రునితో సహా.

ఆయన ఆ చంద్రుడికి తన ఇంటిపేరు పెట్టుకున్నాడు. పెద్ద పరిశోధనశాలకి ఉత్తరం రాస్తే, అందినది, కృతజ్ఞతలు అని జవాబొచ్చింది. దానికి పటం కట్టించి గోడకి తగిలించాడు. తర్వాత శుక్రుడు మళ్ళీ సాయంత్రాలు కనబడే రోజులొచ్చినప్పుడు నేను ఒక్కణ్ణే ఆ ఐపీసు పెట్టి చూశాను. చంద్రుడు ఉన్నాడు! మా టెలిస్కోపుకి మోటారు లేదు. గొట్టాన్ని కదపకుండా వదిలేస్తే గ్రహం మెల్లగా ఒక అంచు నుంచి రెండో అంచుకి జారిపోతుంది. నిజం చంద్రుడైతే గ్రహం వెంట జారాలి. ఈ చంద్రుడు ఎదురు నడిచాడు. శుక్రుడు ఇటుపోతే ఇతను అటుపోయాడు. చెల్లెలి ఐపీసు పెడితే అసలు లేనే లేడు. పూత సరిగ్గా లేని చవక కటకాల మధ్య శుక్రుడి వెలుగే అటూ ఇటూ తగిలి వెనక్కి వచ్చి చేసిన నకలు అది. ఆకాశంలో ఏమీ లేదు, ఉన్నదంతా ఈ బొటనవేలంత గొట్టంలోనే ఉంది.

వెళ్ళి అధ్యక్షుడికి చెప్పాను. నీళ్ళు నమిలాడు. ఆ పనికి మాత్రం నేను కట్టిన సెట్టు చక్కగా పనికొచ్చింది. సర్వసభ్య సమావేశంలో పెడదామన్నాడు, పెట్టలేదు. సభ్యులకి చెప్పాను. మేమందరం చూశాం కదా అన్నారు. చూసినవాళ్ళు చూడలేదని ఎలా అంటారు, పరువు పోదూ!

కాబట్టి ఆ చంద్రుణ్ణి ఆయనకే ఇస్తున్నాను. ఆయన పై వరస తాలూకు పళ్ళ అచ్చు కూడా దుకాణంలో రెండో అరలో ఉంది, తీసుకెళ్ళవచ్చు. ఈమధ్య వరస బాగా అరిగింది. నేను ఆ మాట చెప్పి వచ్చినప్పటి నుంచి నిద్రలో పళ్ళు కొరుకుతున్నాడని నా అనుమానం.

6. ఎనిమిది అంగుళాల అద్దంతో నా టెలిస్కోపు, దాని స్టాండు.

ఇది సంఘానికి కావాలని, అంటే తనకి కావాలని, అధ్యక్షుడు నన్ను కనబడినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాడు. మొన్న నా దగ్గు చూసి మరీ అడిగాడు. సరే, ఇదీ ఆయనకే రాస్తున్నాను. నా కొడుకు మొహం మాడ్చుకోనవసరం లేదు, ఎనిమిదో క్లాజు చదవాలి.

7. సంఘంలోని మిగతా సభ్యులకి ఏమీ లేదు. క్యూలో నిలబడే ఓపిక ఇద్దామనుకున్నాను గాని అది వాళ్ళ దగ్గర పుష్కలంగా ఉంది.

8. చట్టంలో ఒక సంగతి ఉందని వకీలమ్మ చెప్పింది. వీలునామా మీద సాక్షిసంతకం పెట్టినవాళ్ళకి ఆ వీలునామా కింద ఏదీ దక్కదు. సాక్ష్యం చెల్లుతుంది, వాళ్ళకి రాసినది మాత్రం చెల్లదు.

అధ్యక్షుడు ఒకప్పుడు పెద్ద ఆఫీసులో పై అధికారి. కింద ఉన్నవాళ్ళు కాగితం పెట్టడం, ఆయన సంతకం గీకడం, అలా ఒక ఉద్యోగకాలం గడిచిపోయింది. ఏ కాగితం మీదైనా మొదటి సంతకం తనది కాకపోతే ఆయనకి అన్నం సయించదు. ఒకసారి ఆయన రాజీనామా కోరుతూ సభ్యులు అర్జీ తయారుచేస్తే దాని మీద కూడా మొదటి సంతకం ఆయనదే. చదవడానికి ఆయనకి కళ్ళజోడు కావాలి. అది చొక్కా జేబులో ఉంటుంది. నలుగురి ముందు పెట్టుకోవడం నామోషీ. నా చెల్లెలితో ఆ మాట అన్నాక మరీ నామోషీ.

ఈ సాయంత్రం ఆయన్ని సాక్షిగా పిలుస్తున్నాను. కాగితాలన్నీ ఆయన ముందు విప్పే పెడతాను. ఏదీ దాచను, ఏ పేజీ మీదా చెయ్యి అడ్డం పెట్టను. చదివి, ఇంకెవరినైనా పిలవండని పక్కకి తప్పుకుంటే టెలిస్కోపు ఆయనదే, నాకు ఏ పేచీ లేదు. ఒక్కసారైనా కళ్ళు పెట్టి చూసినందుకు ఆ మాత్రం బహుమానం ఇవ్వాలి. చదవకుండా సంతకం పెడితే, ఐదు, ఆరు క్లాజుల్లో ఆయనకి రాసినవన్నీ నా చెల్లెలికి సర్వహక్కులతో చెందవలసినవి. అప్పుడు ఆ గొట్టంలో ఎవరు చూడాలో, ఎవరు చూడకూడదో చెప్పేది ఆమే. 9 మిల్లీమీటర్ల చంద్రుణ్ణి ఆయనకి తిరిగి ఇవ్వాలో వద్దో కూడా ఆమె ఇష్టం. ఆమె ఇచ్చేస్తుందని నాకు తెలుసు. నేనైతే ఇవ్వను.

రెండో సాక్షి ఎదురింటి టైలరు. సాక్షికి ఏమీ దక్కదు కాబట్టి ఆయనకి ఇవ్వాల్సింది బతికుండగానే ఇచ్చేశాను, ముందు పళ్ళు రెండు.

చెల్లీ, నీకు కనబడనిది లేదు. అక్కడ లేనిది నీకు కనబడలేదు. అంతవరకే జరిగింది.

ఇందుకు ఒప్పుకుని, ప్రతి పేజీ కిందా చేవ్రాలు పెట్టి, ఈ మార్చి పద్నాలుగో తేదీ శుక్రవారం సాయంత్రం, నా దుకాణంలో, లైటు వేసి ఉండగా సంతకం చేశాను.

(సంతకం)
పళ్ళాయన

పై వీలుదారు మా కళ్ళెదుట సంతకం చేశారనీ, శుక్రుడికి చంద్రుడు లేడనీ, ఆ సాయంత్రం ఆ మాట చెప్పినామె చూపు సరిగ్గానే ఉందనీ ఎరిగి, అందుకు సాక్షులుగా మేము కింద సంతకాలు చేస్తున్నాము.

సాక్షులు:

1. (సంతకం) వ్యవస్థాపక అధ్యక్షుడు, మేడమీది నక్షత్రాల సంఘం; శుక్ర చంద్రుని ఆవిష్కర్త.

2. (సంతకం) ఎదురింటి టైలరు. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి పెట్టాను. నాకంటే ముందు పెట్టినాయన కుర్చీలో కూర్చోకుండానే, చివరి పేజీ తిప్పి పెట్టేశారు. కళ్ళజోడు జేబులోనే ఉంది.